కడబంతి

ఎన్నేళ్లుగా మోస్తున్నానో చెప్పను. లెక్క చెబితే మీరు అయ్యో అంటారు, నాకు ఆ అయ్యో అక్కర్లేదు. బరువు, బరువు అని అందరూ అంటారు గానీ నాది బరువులా ఉండదు. అన్నంలో రాయిలా ఉంటుంది. అంతా బాగుందనుకుని నములుతున్నప్పుడే పంటి కింద కటుక్కుమంటుంది.

ఒక సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇది కళ్లు తుడుచుకుంటూ రాస్తున్నది కాదు, పళ్లు నూరుకుంటూ రాస్తున్నది. ఎవరి మీద కోపం? మా సేట్ మీద. ఒక ఊరి మీద. "టెక్నికల్ ప్రాబ్లం" అనే మాట మీద, ఆ మాట వినగానే తలూపి ఊరుకునే ప్రతి తలకాయ మీద. ఇంతమంది మీద తిరిగి తిరిగి చివరికి ఆ కోపం మా ఇంటి కుక్కలా నా గుమ్మంలోకే వచ్చి పడుకుంటుంది. ఎన్నిసార్లు తరిమినా అంతే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే సముదాయిస్తారు. మీరు సముదాయించకండి. వినండి, చాలు.

మాది బీదర్ జిల్లాలో సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో ఉర్దూ. బీదర్‌లోనే ఇంజినీరింగ్ చదివి అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరాను. ఒకప్పుడు కేబుల్ టీవీ నడిపిన సేట్ ఇంటర్నెట్ అమ్మడం మొదలుపెట్టి, హుమ్నాబాద్, చిట్గుప్ప వైపు ఊళ్లకు తీగ లాగించాడు. ఆ తీగలో ఏది ముందు పోవాలో, ఏది ఆగాలో చెప్పడం నా పని.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. పాత పద్ధతిలో దారి పొడవునా ఉండే పెట్టెల్లో ప్రతిదానికీ సొంత బుర్ర ఉండేది. ఏ పెట్టెకు తోచినట్టు అది పంపేది. కొత్త పద్ధతిలో ఆ బుర్రలన్నీ తీసేసి ఒక్కచోట పెడతారు. మా దగ్గర అది ఆఫీసులోని ఒక కంప్యూటర్. పెట్టెలకు ఇక ఆలోచన ఉండదు, పై నుంచి వచ్చిన నియమాన్ని పాటించడమే. ఆ నియమాలు రాసేది నేను. చిట్గుప్పలో కాలు పెట్టకుండా చిట్గుప్ప రాకపోకలన్నీ మళ్లించగలనని ఎంత పొంగిపోయానో. పెళ్లిళ్లలో, పేరంటాల్లో, అడగనివాడికి కూడా చెప్పాను.

పెళ్లంటే గుర్తొచ్చింది. భోజనాల బంతులు చూశారుగా. జనం ఎక్కువై జాగా తక్కువైతే బంతులుగా కూర్చోబెడతారు. పెళ్లివారు మొదటి బంతి, చుట్టాలు రెండోది, ఊరివాళ్లు కడబంతి. తీగ కూడా అంతే. సామాను ఎక్కువై దారి సన్నమైతే వరుస కట్టించాలి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది ఎవడో ఒకడు తేల్చాలి. ఆ తేల్చేవాణ్ణి నేను.

బీదర్‌లో ఒక కోచింగ్ కాలేజీ మా సేట్ దగ్గర లైన్ తీసుకుంది. పొద్దంతా వీడియో పాఠాలు, చిట్గుప్పలో, ఇంకా రెండు మూడు చోట్ల వాళ్ల గదుల్లో పిల్లలు తెర మీద చూడాలి. బొమ్మ ఒక్క క్షణం కూడా ఆగకూడదని ఒప్పందం. పెద్ద దారి కొనాలంటే ఖర్చు. సేట్ ఖర్చు పెట్టడు. నన్ను పిలిచి నియమం మార్చమన్నాడు. కాలేజీ మొదటి బంతి, పట్నం రెండో బంతి, ఊళ్లు కడబంతి.

అది తప్పని నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరైనా అంటే వాణ్ణి కొడతాను. మొదటి బంతివాళ్లు లేవనంతసేపూ కడబంతికి మెతుకు పడదు, వీడియో అనేది ఆకలి తీరి లేచే రకం కాదు. మా పాఠ్యపుస్తకాల్లోనే దానికి స్టార్వేషన్ అని పేరు, అంటే పస్తులు పెట్టడం. దానికి మందు కూడా ఆ పుస్తకాల్లోనే ఉంది. కడబంతికి కనీసం ఇంత అని ఒక వాటా అట్టేపెట్టాలి. నియమాల్లో ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. రాశాను కూడా. కాలేజీవాళ్లకు చూపించే రోజున బొమ్మ రెండుసార్లు తడబడింది. వాళ్లు పోయాక సేట్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"అది తీసెయ్. ఊర్లు ఏడికి పోతయ్? వాళ్లకు ఇంకో లైన్ ఉన్నదా?"

తీసేశాను. పని పోతుందన్న భయంతో అని రాస్తే మీరు నమ్ముతారు, నాకూ బాగుంటుంది. కానీ నిజం అంతకన్నా హీనం. బొమ్మ ఆగకుండా పోతుంటే కాలేజీ పెద్దాయన నా భుజం తట్టాడు. ఆ తట్టు కోసం తీసేశాను.

ఇప్పుడు ఝరెప్ప మామ సంగతి. అసలు పేరు ఇది కాదు, మార్చాను. నాకు మేనమామ కాడు, వరస కలిపాడంతే. కేబుల్ టీవీ నాటినుంచీ ఆ వైపు ఊళ్లకు లైన్‌మన్. నేను కంపెనీలో చేరిన రోజునుంచీ నన్ను "అల్లుడా" అనేవాడు, పిల్లనివ్వడానికి తనకు కూతురు లేకపోవడం నా అదృష్టమనేవాడు. నిర్ణా దాటాక ఆయన ఊరుంది, పల్లంలో ఉంటుంది, ఫోను సిగ్నల్ సరిగా అందదు. ఆ ఊరివాళ్లు మా లైన్ తీసుకోవడానికి వెనకాడితే ఒప్పించింది ఆయనే. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను. నా వీపు మీద చెయ్యి వేసి వాళ్లతో అన్నాడు.

"ఆఫీసుల మా అల్లుడే ఉన్నడు. వడ్డించేటోడు మనోడైతే కడబంతిల కూసున్నా ఫికర్ లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఊళ్లో మా లైన్ మీద బతికేది ముఖ్యంగా రేషన్ దుకాణం. మిషన్ మీద వేలు పెడితే ఆ వేలిముద్ర ఎక్కడికో పోయి, అవును ఈమే అని జవాబు రావాలి. అప్పుడే బియ్యం. చూస్తే ఎంత చిన్న సామాను అది. కాలేజీ వీడియో ముందు ఆవగింజంత. ఆ ఆవగింజ నా కడబంతిలో కూర్చుని కూర్చుని చచ్చేది. మిషన్ జవాబు రాలేదని చెప్పి ఆరిపోయేది. కూలి మానుకుని వచ్చినవాళ్లు ఖాళీ సంచులు చంకన పెట్టుకుని పోయేవాళ్లు. మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు. కాలేజీకి సెలవైన రోజు అన్నీ సవ్యంగా నడిచేవి. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. కాలేజీకీ తమ బియ్యానికీ సంబంధం ఉంటుందని వాళ్లకెలా తడుతుంది?

వాళ్లు ఝరెప్ప మామను పిలిచారు. లైన్ నడవకపోతే లైన్‌మన్‌నే కదా పిలుస్తారు. ఆయన వచ్చి గాజు తీగలో వెలుగు పారుతోందో లేదో చూసే మీటర్ పెట్టి చూశాడు. వెలుగు ఉంది. నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడా, లైన్ల లైట్ మంచిగనే ఉన్నది. కని మిషన్ నడుస్తలేదు. జర నీ దిక్కు చూడరాదు."

నా ముందు తెర మీద పెట్టెలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. నా నియమం నేను రాసినట్టే నడుస్తోంది.

"మా దిక్కు అంతా మంచిగుంది మామా. లైన్లనే ఏడనో నలిగి ఉంటది. మళ్లొకసారి చూడు."

చూడమన్నాను. ఆయన చూశాడు. మీటర్ అబద్ధం చెబుతోందేమో అనుకుని తవ్వి చూశాడు. బీదర్ నేల సంగతి తెలిసినవాళ్లకు తవ్వడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. పైన జానెడు మట్టి, కింద ఎర్రటి మొరం, గడ్డపార దిగదు. ఎండలో రోడ్డు పక్కన గుంత మీద గుంత తీసి, బాగున్న తీగను పైకి తీసి చూసి, మళ్లీ పూడ్చి, ఇంకో నాలుగు అడుగులు ముందుకు జరిగేవాడు. లేని గాయం కోసం. నేలలో ఏముంటుంది? గాయం నా బల్ల మీద ఉంది, ఫ్యాన్ కింద. నేను చాయ్ తాగుతూ దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఇక్కడ ఆగి నన్ను నేను అడుగుతాను. ఆ గుంతలు తవ్వుతున్నాడని నాకు తెలుసా? తెలుసు. ఒక రోజు చేతులు పొక్కాయని ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు. అప్పుడైనా ఆ ఒక్క వరుస ఎందుకు తిరిగి రాయలేదు? రాస్తే, ఇన్నాళ్లూ తప్పు నాదేనని ఒప్పుకున్నట్టవుతుంది. పెళ్లిళ్లలో చెప్పుకున్న గొప్పలన్నీ కారిపోతాయి. ఇంతేనా? ఇంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను, దొరకలేదు.

ఆ గుంతలే ఆయన కొంప ముంచాయి. లైన్ చెడిన ప్రతిసారీ ఝరెప్ప గడ్డపార పట్టుకుని రోడ్డు మీద కనబడతాడు. ఝరెప్ప కనబడినప్పుడల్లా లైన్ చెడి ఉంటుంది. ఊరికి అనుమానం పుట్టింది. వీడే కోస్తున్నాడు, వీడే అతుకుతున్నాడు, రిపేరు పైసలకోసం. ఒకడన్నాడు, పదిమంది పట్టుకున్నారు. వైరు దొంగ అని పేరు పెట్టారు. ఎన్నేళ్లుగానో తమ ఇళ్లలోకి చెప్పులు విడిచి వచ్చి బాగుచేసి పోయిన మనిషిని. అబ్బ, ఊరు ఎంత తేలిగ్గా నమ్ముతుంది. అందరికీ ఎదురుగా ఒక మనిషి కావాలి. నియమాన్ని పట్టుకుని చొక్కా గుంజలేరు కదా.

మా వైపు దొంగతనం తేల్చడానికి పోలీసులకన్నా ముందు బండారి ఉంటుంది. మల్లన్న పసుపు. పళ్లెంలోంచి గుప్పెడు ఎత్తి ప్రమాణం చేయాలి. అబద్ధమాడి ఎత్తినవాడి ఇల్లు నిలవదంటారు. రేషన్ దుకాణం ముందు జనం చేరారు. కంపెనీ తరఫున మాట చెప్పడానికి సేట్ నన్ను పంపాడు. కాలేజీ ఊసెత్తొద్దని చెప్పి మరీ పంపాడు.

ఒక ముసలమ్మ ఇత్తడి పళ్లెంలో బండారి తెచ్చింది. ఊరి పెద్ద ముందు నన్నడిగాడు.

"సార్, మీ ఆఫీసుల ఏమన్న ఖరాబ్ ఉన్నదా?"

"లేదు. మా వైపు అంతా బాగానే ఉంది. లోపం లైన్‌లోనే ఉంది."

ఎంత శుభ్రంగా వచ్చిందో ఆ మాట. గుంపులోంచి ఎవరో, సార్ గిట బండారి ఎత్తుతడా అన్నారు. పెద్దాయన కసిరాడు. "సార్‌కెందుకురా, సదువుకున్నోడు." చూడండి, ప్రమాణం లేకుండానే నా అబద్ధం చెల్లింది.

ఝరెప్ప మామ నావైపు చూశాడు. ఆయన మీటర్ ఏం చెప్పిందో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా అన్నాడు.

"సార్ అంటుండంటే అట్లనే ఉంటది. నా కంటికి దొరకలేదేమో. కని నేను కోయలే."

నన్ను సార్ అనడం అదే మొదలు. గుప్పెడు బండారి ఎత్తాడు. "మల్లన్న సాచ్చిగ చెప్తున్న. ఆ తీగ నేను కోసిననంటే నా ఇల్లు నిలవొద్దు." పసుపు వేళ్ల సందుల్లోంచి కారి ఆయన పాదాల మీద పడింది. ముసలమ్మ మిగిలిన బండారి అందరి నుదుటా పెడుతూ వచ్చి నాకూ పెట్టింది.

తిరిగి వస్తూ హైవే మీద హోటల్ దగ్గర ఆగాను. బండి అద్దంలో నా నుదురు కనబడింది. దేవుణ్ణి నమ్ముతానా అంటే ఏమో, కానీ ఆ పసుపు చూడగానే భయమేసింది. చాయ్ చెప్పి లాప్‌టాప్ తీశాను. కడబంతికి కనీస వాటా, ఆ ఒక్క వరుస, తిరిగి రాశాను. చాయ్ ఇంకా వేడిగానే ఉంది. ఇన్నాళ్ల గుంతలకు విరుగుడు అంతసేపే. కాలేజీ బొమ్మ అప్పుడప్పుడు తడబడింది. ఎవడూ చావలేదు. తర్వాత సేట్ గొణిగి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం నేను మంచిపని చేశాననుకున్నాను. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. మర్నాడు ఊళ్లో మిషన్ నడిచింది. ఆ మర్నాడూ నడిచింది. వేలు పెట్టగానే జవాబు. ఇక ఊరికి సాక్ష్యం ఏం కావాలి? బండారి ఎత్తించగానే కోయడం మానేశాడు, చూశారా, మల్లన్న భయం అట్లాంటిది అన్నారు. నేను చెడగొట్టినంతకాలం ఆయన మీద అనుమానమే ఉంది. బాగుచేసి నేను దాన్ని రుజువు చేశాను. చెప్పకుండా, నోరు తెరవకుండా, దొంగలా బాగుచేశాను. అంతకన్నా చెడగొట్టి ఉంచినా, ఆయన రాకుండానే మిషన్ ఆగుతోందని ఊరికి తెలిసి ఆయన బతికిపోయేవాడు.

సేట్ ఒక్క ప్రశ్న వేయలేదు. ఊరు ఆయన్ను వద్దంటోంది, పనిలోంచి తీసేయండి అన్నాడు. పక్క ఊళ్లూ ఆయన్ను రానివ్వలేదు. పెళ్లాన్ని నీళ్ల దగ్గర వైరు దొంగ పెళ్లామన్నారట. ఇంటికి తాళం వేసి బసవకళ్యాణ్ వెళ్లిపోయారు. నాకు ఆ ఏడాది జీతం పెరిగింది.

చాలా కాలానికి బసవకళ్యాణ్ బస్టాండ్ దగ్గర కనబడ్డాడు. కందుల వ్యాపారి గోదాము దగ్గర కాపలా ఉంటున్నాడట. నేను తప్పించుకోబోయాను. ఆయనే పిలిచాడు, అల్లుడా అని. ఆ పిలుపు తిరిగి వినగానే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి, ఎవరూ వినకుండా అన్నాడు.

"నీకొక మాట చెప్పాలె. నా పెండ్లానికి తప్ప ఎవ్వలకు చెప్పలే. ఆ దినం నేను బండారి ఎత్తిన గద. తెల్లారేసరికి లైన్ చాలూ అయింది. ఊరోళ్లు నేను భయపడ్డ అనుకున్నరు. వాళ్లకేం సమజ్ అయితది? మల్లన్నే సాపు చేసిండు అల్లుడా. నా మాట నిజమని చూపెట్టిండు. నా ఇజ్జత్ పోతే పోయింది. దేవునికి ఎరుకే గద."

ఆయన ముఖంలో వెలుగుంది. నా నోట్లో మాట ఉంది.

"అవును మామా," అన్నాను.

బస్సెక్కి బీదర్ దాకా ఏదో గొప్ప త్యాగం చేసినట్టు కూర్చున్నాను. ఆయనకు మిగిలింది ఆ నమ్మకమొక్కటే, దాన్ని ఎలా లాక్కుంటాను అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత చక్కని సాకు. అప్పటినుంచీ దాన్ని కప్పుకునే పడుకుంటున్నాను. దయ ఉన్నవాడినైతే ఆ ఊరికి పోయి, దుకాణం ముందు నిలబడి, ఝరెప్ప కోయలేదు, నేను ఆపాను అని చెప్పేవాణ్ణి. ఊళ్లో ఆయన పేరు తిరిగి వచ్చేది. ఆయన దేవుడు పోయేవాడేమో. ఆ రెంటిలో ఏది కావాలో ఆయన్నే అడగాలి కదా? అడగలేదు. అడగాలంటే ముందు చెప్పాలి. అక్కడే ఆగిపోతాను, ప్రతిసారీ.

ఇక్కడ రాస్తే ఆయనకు ఏం ఒరుగుతుంది? ఏమీ ఒరగదు. ఆయన ఇది చదవడు. ఊరూ చదవదు. రేపు ఎవరైనా ఆ గోదాము ముందు నుంచి పోతూ వైరు దొంగ అనే అంటారు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఇవ్వడానికి మీ దగ్గర లేదు, ఉన్నా తీసుకోను.

ఆ రోజు పసుపు పళ్లెం ముందు చెప్పాల్సిన మాట మాత్రం ఇప్పుడు చెబుతున్నాను. లైన్ బాగుంది. లైన్ ఎప్పుడూ బాగానే ఉంది. నువ్వు కోయలేదు మామా. మల్లన్న అతకలేదు. మొదటి బంతి లేచేదాకా మీ ఊరి విస్తట్లో మెతుకు పడకుండా చూసింది నేను. భయమేసి చాయ్ చల్లారేలోపు వడ్డించిందీ నేనే. ఇంత మాట బయటపడేసరికి ఊపిరి తేలిగ్గా ఆడుతోంది, అది కూడా నాకు కోపంగానే ఉంది. వడ్డించినవాడు మీవాడే మామా. మీవాడే.